ఓడ రాకపోయినా పని ఆపని తీగ: పళ్ళ క్లిప్పుల్లో నికెల్-టైటానియం

లిటిల్ అండమాన్‌లోని హట్ బేలో ఉండే ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకుందాం. పదమూడేళ్ల అమ్మాయికి ముందు పళ్ళు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఏప్రిల్ నెలాఖరులో పోర్ట్ బ్లెయిర్ తీసుకెళ్లి క్లిప్పులు వేయించారు. నెల తర్వాత మళ్లీ రమ్మని డాక్టరు చెప్పారు. ఈలోగా నైరుతి రుతుపవనాలు దీవులను తాకాయి. సముద్రం అల్లకల్లోలంగా మారింది. ఒకసారి ఓడ రద్దయింది, ఇంకోసారి టికెట్లు దొరకలేదు. చివరికి ఎనిమిదో వారంలో గానీ ఆ అమ్మాయి డాక్టరు దగ్గరకు వెళ్లలేకపోయింది.

ఈ నాలుగు వారాల ఆలస్యంలో పళ్ళ కదలిక ఆగిపోయిందా? వైద్యం మళ్లీ మొదటికి వచ్చిందా? దీనికి జవాబు చాలావరకు ఆ క్లిప్పుల గుండా వెళ్లే సన్నని తీగ ఏ లోహంతో తయారైంది అన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. మామూలు స్టీలు తీగ అయితే ఒక జవాబు, నికెల్-టైటానియం తీగ అయితే మరో జవాబు.

అండమాన్ నికోబార్ దీవుల్లో ఇది చిన్న విషయం కాదు. వందల దీవుల సముదాయంలో జనావాసం ఉన్నవి ముప్ఫై చిల్లర మాత్రమే. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ సుమారు 3.8 లక్షల మంది ఉన్నారు. వారిలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ప్రత్యేక వైద్యం కావాలంటే అందరి చూపూ పోర్ట్ బ్లెయిర్ వైపే. 2024లో ఈ నగరం పేరు శ్రీ విజయపురంగా మారింది. గ్రేట్ నికోబార్‌లోని క్యాంప్‌బెల్ బే నుంచి అక్కడికి సముద్రం మీద 500 కిలోమీటర్లకు పైనే. వేసవి సెలవుల్లో విశాఖపట్నం వచ్చి క్లిప్పులు వేయించుకుందామన్నా, ఓడలో రెండు రోజులకు మించిన ప్రయాణం. అంటే నెల నెలా డాక్టరు దగ్గరకు వెళ్లడం ఇక్కడ రోగి చేతుల్లోనే కాదు, వాతావరణం చేతుల్లో కూడా ఉంది.

పన్ను ఎలా కదులుతుంది?

పన్ను దవడ ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సుమారు పావు మిల్లీమీటరు మందాన ఒక మెత్తని పొర ఉంటుంది. దీన్ని పెరియోడాంటల్ లిగమెంట్ అంటారు. ఇందులో నారపోగులు, రక్తనాళాలు, జీవకణాలు ఉంటాయి. పంటిని ఒక పక్కకు నెమ్మదిగా నొక్కుతూ ఉంటే, ఆ పక్కన ఈ పొర నలుగుతుంది. అవతలి పక్కన సాగుతుంది. నలిగిన చోట ఆస్టియోక్లాస్ట్‌లనే కణాలు ఎముకను కొద్దికొద్దిగా కరిగిస్తాయి. సాగిన చోట ఆస్టియోబ్లాస్ట్‌లనే కణాలు కొత్త ఎముకను కడతాయి. పన్ను ఆ దారిలో జరుగుతుంది.

కాబట్టి పంటిని నిజంగా కదిలించేది తీగ కాదు, శరీరమే. తీగ పని ఆ కణాలకు సంకేతం ఇవ్వడం వరకే. ఈ సంకేతం మరీ గట్టిగా ఉంటే పని చెడుతుంది. బలం ఎక్కువైతే లిగమెంట్‌లోని సన్నని రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం అందక అక్కడి కణాలు చనిపోతాయి. ఆ భాగం శుభ్రపడి మళ్లీ కణాలు చేరేదాకా పన్ను కదలకుండా నిలిచిపోతుంది. నొప్పి పెరుగుతుంది, పంటి వేరు అరిగే ప్రమాదమూ ఉంటుంది. ఎంత గట్టిగా బిగిస్తే అంత త్వరగా పళ్ళు సర్దుకుంటాయన్నది అపోహ.

పంటిని పక్కకు వంచడానికి 35 నుంచి 60 గ్రాముల బరువుకు సమానమైన బలం చాలని దంతవైద్య గ్రంథాలు చెబుతాయి. అంటే ఒక కోడిగుడ్డు బరువంత. అనుకూల పరిస్థితుల్లో పన్ను నెలకు సుమారు ఒక మిల్లీమీటరు కదులుతుంది.

దీన్నిబట్టి మంచి తీగకు రెండు లక్షణాలు ఉండాలి. ఒకటి, అది ఇచ్చే బలం తక్కువగా ఉండాలి. రెండు, పన్ను కదిలేకొద్దీ ఆ బలం పడిపోకుండా వారాల తరబడి నిలకడగా ఉండాలి. ఈ రెండింటినీ ఒకే తీగలో సాధించడమే ఇంజనీర్లకు ఎదురైన చిక్కు.

స్టీలు తీగతో ఇబ్బంది ఏమిటి?

స్టెయిన్‌లెస్ స్టీలు తీగ మామూలు స్ప్రింగులా పనిచేస్తుంది. ఎంత వంచితే అంత బలం. సగం వంచితే సగం బలం. పాఠశాలలో చదివే హుక్ నియమమే ఇది.

ఒక చిన్న లెక్క చూద్దాం. 0.4 మిల్లీమీటర్ల మందం ఉన్న గుండ్రని స్టీలు తీగను 10 మిల్లీమీటర్ల దూరంలో ఉన్న రెండు ఆధారాల మీద ఉంచి, మధ్యలో నొక్కామనుకుందాం. స్టీలు యంగ్ గుణకాన్ని 180 గిగాపాస్కల్‌గా తీసుకుంటే, ఒక్కో మిల్లీమీటరు వంపుకు సుమారు 11 న్యూటన్ల బలం కావాలి. అంటే ఒక కిలో బరువుకు పైనే. అర మిల్లీమీటరు వంచినా అర కిలోకు పైగా బలం పంటి మీద పడుతుంది. కావాల్సింది కోడిగుడ్డంత, పడేది అర కిలో!

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. ఈ తీగను అర మిల్లీమీటరు వంచితే దాని ఉపరితలంలో వికృతి 1 శాతం దాటుతుంది. ఇంచుమించు ఆ స్థాయిలో స్టీలు శాశ్వతంగా వంగిపోతుంది, తిరిగి మునుపటి ఆకారానికి రాదు. పన్ను వరస నుంచి మూడు మిల్లీమీటర్లు పక్కకు ఉంటే, ఆ తీగను అక్కడిదాకా లాగి కట్టడమే కుదరదు. పైగా పన్ను పావు మిల్లీమీటరు కదిలేసరికి బలం సగానికి పడిపోతుంది. డాక్టరు మళ్లీ బిగించాలి. రోగి మళ్లీ రావాలి.

నోటిలో తీగ పొడవు, ఆధారాలు ఈ లెక్కలో ఉన్నట్టే ఉండవు కాబట్టి అంకెలు మారతాయి. సమస్య స్వభావం మాత్రం ఇదే. పాత తరం డాక్టర్లు దీనికి ఉపాయాలు కనిపెట్టారు. తీగ గట్టితనం దాని మందం నాలుగో ఘాతంతో మారుతుంది. మందాన్ని సగం చేస్తే గట్టితనం పదహారో వంతుకు తగ్గుతుంది. అందుకే సన్నని స్టీలు పోగులను తాడులా పేని వాడారు. తీగలో మెలికలు, ఉచ్చులు వంచి దాని పొడవు పెంచారు. ఇవన్నీ పనిచేశాయి, ఇప్పటికీ పనిచేస్తున్నాయి. అయితే ఆ మెలికలు వంచడానికి డాక్టరు సమయం, చేతి నేర్పు కావాలి.

క్షిపణి పరిశోధన నుంచి నోటిలోకి

కొత్త దారి అనుకోని చోటు నుంచి వచ్చింది. అమెరికా నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ అనే లోహశాస్త్రవేత్త 1959 ప్రాంతంలో క్షిపణి ముక్కు భాగానికి పనికొచ్చే మిశ్రలోహాల కోసం వెతుకుతున్నారు. నికెల్, టైటానియం దాదాపు సమాన సంఖ్యలో పరమాణువులుగా కలిసిన లోహం ఆయన్ని ఆకర్షించింది. 1960ల తొలినాళ్లలో జరిగిన ఒక సమావేశంలో ఈ లోహపు పలుచని పట్టీని మడతలు మడతలుగా వంచి అందరికీ చూపిస్తున్నారు. అక్కడున్న డేవిడ్ మజ్జీ అనే శాస్త్రవేత్త తన పైపు వెలిగించుకునే లైటరుతో దాన్ని వేడిచేశారు. మడతలన్నీ విప్పుకుని పట్టీ తిన్నగా సాగింది. నికెల్, టైటానియం, ఆ పరిశోధనశాల ఆంగ్ల పేరులోని తొలి అక్షరాలు కలిపి ఈ లోహానికి ‘నైటినాల్’ అని పేరు పెట్టారు.

1970ల మొదట్లో అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన జార్జ్ ఆండ్రియాసెన్ దీన్ని పళ్ళ తీగగా ప్రయత్నించారు. అప్పట్లో మార్కెట్లోకి వచ్చిన తీగలు స్టీలు కన్నా చాలా మెత్తగా ఉండేవి. ఈ లోహానికి ఉన్న అసలు ప్రత్యేకత మాత్రం వాటిలో పూర్తిగా బయటపడలేదు. తీగను చల్లటి స్థితిలో బాగా లాగి తయారుచేయడమే దానికి కారణం. 1985లో చైనాలో తయారైన తీగలను, 1986లో జపాన్‌లో తయారైన తీగలను పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాక గానీ వైద్యులకు నిజమైన ‘అతిస్థితిస్థాపక’ తీగ దొరకలేదు. 1990లలో భారత సంతతికి చెందిన దంతవైద్యుడు రోహిత్ సచ్‌దేవ కృషితో రాగి కలిపిన నికెల్-టైటానియం తీగలు వచ్చాయి. ఏ ఉష్ణోగ్రత దగ్గర తీగ చురుకు కావాలో ముందే నిర్ణయించి తయారుచేయడం వీటితో సులువైంది.

లోహానికి జ్ఞాపకం ఎక్కడ ఉంటుంది?

నికెల్-టైటానియంలో పరమాణువులు రెండు రకాలుగా అమరగలవు. వేడిగా ఉన్నప్పుడు ఘనాకారంలో, క్రమబద్ధంగా నిలబడతాయి. ఈ ప్రావస్థను ఆస్టెనైట్ అంటారు. చల్లబడినప్పుడు ఆ ఘనాలు పక్కకు ఒరిగిన ఆకారంలోకి మారతాయి. దీన్ని మార్టెన్‌సైట్ అంటారు. రెండూ ఘనపదార్థాలే. పరమాణువులు ఇల్లు మారవు. ఇరుగుపొరుగు అలాగే ఉంటుంది, కొద్దిగా ఒరుగుతాయంతే.

దీన్ని పుస్తకాల అలమరతో పోల్చవచ్చు. నిటారుగా నిలబెట్టిన పుస్తకాల వరుస ఆస్టెనైట్. కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఒరిగిన వరుస మార్టెన్‌సైట్. ఒరిగిన వరుసను చేత్తో నెడితే అన్నీ ఒకే వైపుకు వాలతాయి, వరుస ఆకారం మారుతుంది. కానీ ఏ పుస్తకమూ తన చోటు వదిలి వేరే చోటుకు పోలేదు. ఒరగడానికి చాలా దారులున్నాయి, నిటారుగా నిలబడడానికి మాత్రం ఒకటే దారి. అందుకే వేడి తగలగానే అన్నీ మళ్లీ నిటారుగా లేచి పాత ఆకారం వచ్చేస్తుంది. ఇదే ఆకార స్మృతి. స్టీలును బాగా వంచినప్పుడు జరిగేది వేరు. అక్కడ పరమాణువుల పొరలు ఒకదాని మీద ఒకటి జారి కొత్త పొరుగువారితో స్థిరపడతాయి. తిరిగి వెళ్లడానికి వాటికి దారి ఉండదు.

ఏ ఆకారాన్ని ‘గుర్తుపెట్టుకోవాలో’ ఫ్యాక్టరీలోనే నేర్పుతారు. తీగను దంతాల వరుస ఆకారంలో వంచి, అచ్చులో బిగించి, సుమారు 400 నుంచి 500 డిగ్రీల సెల్సియస్ దగ్గర వేడిచేస్తారు. మండువేసవిలో పెట్టెలోనో గోదాములోనో ఉన్నంత మాత్రాన తీగ తన ఆకారం మరిచిపోదు. ఆ వేడికీ ఈ వేడికీ పోలికే లేదు.

ఇక రెండో గుణం అతిస్థితిస్థాపకత. తీగ పూర్తిగా ఆస్టెనైట్‌గా ఉన్నప్పుడు దాన్ని వంచితే, వంగిన చోట ఆస్టెనైట్ కాస్తా మార్టెన్‌సైట్‌గా మారుతుంది. చల్లబరచకపోయినా, బలమే ఆ పని చేస్తుంది. బలం తీసేయగానే ఆ ఉష్ణోగ్రత దగ్గర మార్టెన్‌సైట్ నిలవలేదు కాబట్టి వెనక్కి మారుతుంది, తీగ తిన్నబడుతుంది. ఈ విధంగా నికెల్-టైటానియం సుమారు 8 శాతం వరకు వికృతిని భరించి తిరిగి రాగలదు. ఇందాకటి లెక్కలో అదే మందం తీగను మూడు మిల్లీమీటర్లు నొక్కితే వికృతి సుమారు 7 శాతం అవుతుంది. స్టీలు అర మిల్లీమీటరు దగ్గరే ఓడిపోయింది. ఈ తీగ మూడు మిల్లీమీటర్లు వంగీ తిరిగి లేస్తుంది.

బలం ఎందుకు నిలకడగా ఉంటుంది?

మంచు కరుగుతున్నంత సేపు ఎంత వేడి ఇచ్చినా నీటి ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఇచ్చిన వేడి అంతా ప్రావస్థ మార్పుకే ఖర్చవుతుంది. నికెల్-టైటానియం తీగలోనూ ఇలాంటిదే జరుగుతుంది. ఆస్టెనైట్ మార్టెన్‌సైట్‌గా మారుతున్నంత సేపు, ఎంత సాగదీసినా ప్రతిబలం దాదాపు ఒకేచోట ఉంటుంది. గ్రాఫులో ఇది కొండ మీది పీఠభూమిలా చదునుగా కనిపిస్తుంది. తీగను సాగదీయకుండా వంచినప్పుడు ఈ భాగం కొంచెం వాలుగా ఉంటుంది గానీ, స్టీలు గీతలా నిట్టనిలువుగా ఉండదు.

ఇక్కడ గమనించాల్సిన విషయం ఇంకొకటి ఉంది. వంచేటప్పటి పీఠభూమి ఎత్తులో ఉంటుంది, వదిలేటప్పటి పీఠభూమి దానికన్నా కింద ఉంటుంది. ఉదాహరణకు వంచేటప్పుడు 400 మెగాపాస్కల్ ఉంటే, వదిలేటప్పుడు 200 ఉండవచ్చు. ఈ తేడాను హిస్టెరిసిస్ లేదా శైథిల్యం అంటారు. డాక్టరు తీగను బ్రాకెట్‌లోకి నెట్టేటప్పుడు చేతికి తెలిసేది పై గీత. పన్ను అనుభవించేది కింది గీత. చేతికి గట్టిగా తగిలిన తీగ పంటి మీద మృదువుగానే పనిచేస్తూ ఉండవచ్చు.

వదిలేటప్పటి ప్రతిబలం 200 మెగాపాస్కల్ అనుకుంటే, పై లెక్కలోని 0.4 మిల్లీమీటర్ల తీగ ఇచ్చే బలం సుమారు 0.85 న్యూటన్లు. అంటే వంద గ్రాముల లోపే. పన్ను రెండున్నర మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా, ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా బలం ఇంచుమించు ఇంతే. హట్ బే అమ్మాయి విషయంలో మనకు కావలసిన జవాబు ఇక్కడే దొరుకుతుంది. నాలుగో వారంలో డాక్టరు చూడకపోయినా, పన్ను వరసకు చేరే దాకా తీగ దాదాపు అదే మెత్తని బలంతో నెడుతూనే ఉంటుంది. స్టీలు తీగ అయితే మొదటి కొద్ది రోజుల్లో ఎక్కువ బలం చూపించి, తర్వాత చేతులెత్తేసేది.

పోర్ట్ బ్లెయిర్ గదిలో ఒకలా, ఏసీ గదిలో ఒకలా

ఈ తీగ బలం దూరంతో పెద్దగా మారదు గానీ, ఉష్ణోగ్రతతో బాగా మారుతుంది. వేడి పెరిగితే ఆస్టెనైట్ మరింత స్థిరపడుతుంది. దాన్ని మార్టెన్‌సైట్‌గా మార్చడానికి ఎక్కువ బలం కావాలి. ఒక్కో డిగ్రీకి పీఠభూమి సుమారు 6 నుంచి 7 మెగాపాస్కల్ పైకి జరుగుతుంది. ఒత్తిడి పెరిగితే నీరు మరిగే ఉష్ణోగ్రత పెరుగుతుందని చెప్పే క్లాసియస్-క్లాపిరాన్ సమీకరణమే ఇక్కడా వర్తిస్తుంది.

నోటి ఉష్ణోగ్రత సుమారు 36 డిగ్రీలు అనుకుని, అప్పుడు తీగ వదిలే ప్రతిబలం 200 మెగాపాస్కల్ అనుకుందాం. ఉష్ణోగ్రత 26కు తగ్గితే అది 135 దగ్గరకు దిగుతుంది. చల్లని మంచినీళ్లు పుక్కిలించి తీగ 10 డిగ్రీలకు చేరితే బలం దాదాపు లేనట్టే. వేడి టీ తాగితే కాసేపు బలం పెరుగుతుంది. కొన్ని రకాల తీగల్లో చల్లదనం ప్రభావం నీళ్లు మింగాక కూడా కొంతసేపు ఉంటుందని ప్రయోగశాల పరీక్షల్లో తేలింది. క్లిప్పులు వేసిన మొదటి రెండు మూడు రోజులు చల్లని నీళ్లు హాయిగా అనిపించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఈ తీగలను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15841 కూడా పరీక్షను నోటి ఉష్ణోగ్రతకు సమానమైన 36 డిగ్రీల దగ్గరే చేయమంటుంది. గది ఉష్ణోగ్రతలో కొలిచిన అంకెలు నోటిలో చెల్లవు.

రాగి కలిపిన తీగలు సాధారణంగా 27, 35, 40 డిగ్రీల రకాలుగా దొరుకుతాయి. ఆ అంకె తీగ పూర్తిగా ఆస్టెనైట్‌గా మారే ఉష్ణోగ్రతను చెబుతుంది. 27 డిగ్రీల రకం నోటిలో ఎప్పుడూ చురుకుగానే ఉంటుంది. 35 డిగ్రీల రకం నోటి వేడికి సరిగ్గా సరిపోయేలా ఉండి, తక్కువ బలం ఇస్తుంది. 40 డిగ్రీల రకం వేడి ఆహారం, వేడి పానీయం తగిలినప్పుడే పూర్తిగా మేల్కొంటుంది. చిగుళ్ళ బలహీనత ఉన్నవారికి, నొప్పిని తట్టుకోలేనివారికి ఇలాంటి తక్కువ బలం రకాలను ఎంచుకుంటారు.

ఈ అంకెలను అండమాన్ వాతావరణం పక్కన పెట్టి చూస్తే ఆసక్తికరమైన విషయం తెలుస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో చలికాలం అంటూ వేరుగా ఉండదు. పగటి ఉష్ణోగ్రత ఏడాది పొడవునా 30 డిగ్రీల చుట్టూనే తిరుగుతుంది. ఏసీ లేని గదిలో 27 డిగ్రీల రకం తీగ పెట్టెలోంచి తీయకముందే పూర్తి చురుకుగా ఉంటుంది. బ్రాకెట్‌లో కూర్చోబెట్టబోతే ఎగిరి బయటికి వస్తుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో అదే తీగ కాస్త లొంగుతుంది. 35 డిగ్రీల రకం అయితే దీవుల్లోని గది వేడిలో కూడా మెత్తగా వంగి, నోటిలోకి వెళ్లాకే చురుకు అందుకుంటుంది. మరీ వంకరగా ఉన్న పంటికి కట్టేటప్పుడు ఆ చోట తీగను ఐసుతోనో, చల్లని స్ప్రేతోనో చల్లబరిస్తే సులువుగా వంగుతుంది. తీగ ఒకటే, పెట్టె ఒకటే. గది మారితే చేతికి తగిలే గట్టితనం మారిపోతుంది. చేతి స్పర్శను బట్టి తీగ బలాన్ని అంచనా వేయడం మోసపోవడమే.

తీగ చేయలేనివి

ఇంత చెప్పుకున్నాక ఈ తీగ వైద్యాన్ని సగం కాలానికి తగ్గిస్తుందని అనిపించవచ్చు. అది నిజం కాదు. పన్ను వేగాన్ని నిర్ణయించేది ఎముక కణాలు. వైద్య ఆధారాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2018లో తొలిదశ పళ్ళ తీగల మీద సమీక్ష వెలువరించింది. పోగులు పేనిన నికెల్-టైటానియం తీగ ఒంటి పోగు తీగ కన్నా పన్నెండు వారాల్లో ఎక్కువ కదలిక ఇస్తుందనడానికి కొంత ఆధారం కనిపించింది. మిగతా పోలికల్లో ఏదో ఒక తీగ రెండోదాని కన్నా వేగమనో, తక్కువ నొప్పి అనో చెప్పేంత బలమైన ఆధారాలు లేవని సమీక్ష తేల్చింది. అంటే ప్రయోగశాల గ్రాఫులో కనిపించే మేలు అంతా రోగి నోటిలో వేగంగా మారదు. ఈ తీగ ఇచ్చే లాభం వేగం కన్నా నిలకడలోనే ఎక్కువ.

పైగా తిరిగి పాత ఆకారానికి వెళ్లే గుణమే కొన్ని పనులకు అడ్డం. ఒక్క పంటి కోసం తీగలో చిన్న మెలిక పెట్టాలంటే, వంచినా అది నిలవదు. వేరుతో సహా పంటిని జరపడానికి, ఖాళీలు మూయడానికి, చివరి సర్దుబాట్లకు గట్టి తీగ కావాలి. అందుకే వైద్యం సాధారణంగా నికెల్-టైటానియంతో మొదలై స్టీలుతోనో, బీటా టైటానియంతోనో ముగుస్తుంది. దూరప్రాంతాల వారికి దీనిలో ఒక సూచన ఉంది. తొలి నెలల్లో, అంటే వరస సర్దుకునే దశలో, రాకపోకల్లో కొంత ఆలస్యాన్ని తీగ భరిస్తుంది. చివరి దశలో అంత వెసులుబాటు ఉండదు.

నికెల్ పడనివారు ముందే డాక్టరుకు చెప్పాలి. వారికి వేరే తీగలు ఉన్నాయి. ఆమ్లగుణం ఉన్న గాఢమైన ఫ్లోరైడ్ జెల్ టైటానియం తీగల పైపొరను దెబ్బతీయగలదు కాబట్టి, అలాంటివి సొంతంగా వాడకూడదు. మామూలు టూత్‌పేస్టుతో రోజూ తోముకోవడం మాత్రం మానకూడదు. క్లిప్పుల చుట్టూ పాచి నిలిస్తే పళ్ళ మీద తెల్ల మచ్చలు ఏర్పడి, పుచ్చుకు దారితీస్తాయి. డాక్టరు దగ్గరకు వెళ్లడం ఆలస్యమైనప్పుడు తీగ కన్నా ముందు దెబ్బతినేది ఈ శుభ్రతే.

దూరం ఉన్నవారు గుర్తుంచుకోవలసినవి

తీగకు ఆకారం గుర్తుంటుంది గానీ ఆలోచన ఉండదు. ఒక బ్రాకెట్ పంటి నుంచి ఊడిపోతే, ఆ పన్ను వరస తప్పుతుంది. తీగ మాత్రం మిగతా పళ్ళను నెడుతూనే ఉంటుంది. అందుకే బ్రాకెట్ ఊడకుండా చూసుకోవడం దీవుల్లో ఉండేవారికి ఇంకా ముఖ్యం. ఇక్కడ కొబ్బరి, వక్క రెండూ విరివిగా పండుతాయి. ముదురు కొబ్బరి ముక్కలు కొరకడం, వక్క నమలడం బ్రాకెట్లకు పెద్ద శత్రువులు. కొబ్బరి తినాలంటే తురుముకుని తినవచ్చు. వక్కకు మాత్రం వైద్యం అయ్యేదాకానే కాదు, ఎప్పటికీ దూరంగా ఉండటమే మేలు.

ప్రయాణం చేసి వచ్చే రోగి డాక్టరును ముందే అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు వేసిన తీగ ఏ రకం? అనుకున్న తేదీకి రాలేకపోతే ఎన్ని వారాల దాకా ఆగవచ్చు? బ్రాకెట్ ఊడితే ఏం చేయాలి? తీగ కొన బుగ్గకు గుచ్చుకుంటే పెట్టుకోవడానికి మైనం ఇస్తారా? ఫొటో పంపితే చూసి చెబుతారా? ఓడ ఎక్కేముందే ఈ జవాబులు చేతిలో ఉంటే, రద్దయిన ఓడ అంత భయపెట్టదు.

తరగతి గదిలో చిన్న ప్రయోగం

ఉపాధ్యాయులు ఈ పాఠాన్ని కళ్లకు కట్టినట్టు చూపించవచ్చు. దంతవైద్యుణ్ని అడిగి, వాడని నికెల్-టైటానియం తీగ కత్తిరింపు ముక్క ఒకటి, దాదాపు అంతే మందం ఉన్న స్టీలు తీగ ముక్క ఒకటి తీసుకోవాలి. ఒక గిన్నెలో ఐసు నీళ్లు, మరో గిన్నెలో చెయ్యి పెట్టగలిగేంత వేడినీళ్లు సిద్ధం చేయాలి. ముందుగా రెండు తీగలనూ గది ఉష్ణోగ్రతలోనే వేలి చుట్టూ వంచి వదలాలి. స్టీలు ముక్క వంగిపోయి ఉండిపోతుంది, నికెల్-టైటానియం ముక్క చాలావరకు తిరిగి లేస్తుంది. ఇప్పుడు రెండో ముక్కను ఐసు నీళ్లలో కాసేపు ఉంచి, నీళ్లలోనే వంచాలి. అది మెత్తబడి, వంచిన ఆకారంలో నిలుస్తుంది. దాన్ని వేడినీళ్లలో వేయగానే మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది. తీగ కొనలు కళ్లకు తగలకుండా జాగ్రత్తపడాలి.

పోర్ట్ బ్లెయిర్‌లో ఈ ప్రయోగం చేసే పిల్లలకు ఐసు తప్పనిసరి. అక్కడి కుళాయి నీళ్లు చాలా రకాల తీగలను నిద్రపుచ్చేంత చల్లగా ఉండవు. తీగ ఎందుకు మెత్తబడలేదని పిల్లలు అడిగితే, తీగ పెట్టె మీద రాసి ఉన్న డిగ్రీల అంకెను, గోడ మీది థర్మామీటరును పక్కపక్కన చూపిస్తే చాలు. పాఠం సగం అర్థమైనట్టే.

ఇక ఎనిమిదో వారంలో డాక్టరు దగ్గరకు చేరిన హట్ బే అమ్మాయి సంగతి. బ్రాకెట్లన్నీ ఊడకుండా ఉండి, పళ్ళు శుభ్రంగా ఉంటే, ఆమె పోగొట్టుకున్నది పెద్దగా ఏమీ లేదు. ఓడ కోసం ఇంట్లో ఎదురుచూసిన రోజుల్లోనూ ఆ సన్నని తీగలో ఒరిగిన పరమాణువులు ఒక్కొక్క వరుసగా లేచి నిలబడుతూ, పంటిని కోడిగుడ్డంత బరువుతో నెడుతూనే ఉన్నాయి. డాక్టరు ఇప్పుడు చేయవలసింది, తర్వాతి తీగ వేయడం, మళ్లీ ఎప్పుడు రావాలో వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకుని చెప్పడం.